ఆవకాయ సీసా మీద 95 గళ్ళు

పెరవలి దాటి ఊళ్ళోకి తిరిగాక దారి ఎవరినీ అడగక్కర్లేదు. కొత్త కారం, ఆవపిండి కలిసిన ఘాటు ఎక్కడ ముక్కుకు తగిలితే అక్కడ ఆగడమే. పచ్చళ్ళకు పేరుమోసిన ఉసులుమర్రు ఇక్కడికి దగ్గరే. మే నెల మధ్యాహ్నం, రేకుల షెడ్డు నిప్పులు కక్కుతోంది. లోపల కత్తిపీటల చప్పుడు ఒక లయలో నడుస్తోంది. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు టెంకతో సహా ముక్కలై పళ్ళేల్లో పడుతున్నాయి. జీడి తీసేవాళ్ళు, పొర గీకేవాళ్ళు, పొడిగుడ్డతో ముక్క తుడిచేవాళ్ళు వరసగా కూర్చున్నారు. తల ఎత్తి మిమ్మల్ని ఒకసారి చూసి మళ్ళీ పనిలో పడిపోతారు.

మన పని ఇక్కడ కాదు. షెడ్డు వెనక చిన్న గది ఉంది. దానికి తలుపు, ఏసీ రెండూ ఉన్నాయి. ఆ వైభోగం మనుషుల కోసం కాదు, లేబుల్ ప్రింటర్ కోసం. కారం దుమ్ము హెడ్డు మీద పడితే ప్రింటు పాడవుతుందని ఎవరో చెప్పారట. చెప్పినవాళ్ళు నిజమే చెప్పారు.

బల్ల మీద మూడు సీసాలు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. మూడింట్లోనూ ఆవకాయే. మూడూ ఒక సూపర్‌మార్కెట్ నుంచి వెనక్కి వచ్చిన సరుకులోవి, వేర్వేరు ఏళ్ళవి. వాటికి అటు పక్క యజమానురాలు నిలబడ్డారు. యాభై దాటిన మనిషి, చీర కొంగు నడుముకు బిగించారు, వేళ్ళ చివర పసుపు రంగు దిగిపోయి ఉంది. ఇటు పక్క రాజమండ్రి నుంచి వచ్చిన కుర్రాడు. లేబుళ్ళు అచ్చేసే ప్రెస్సులో పని చేస్తాడు. భుజాన బ్యాగు ఇంకా దించలేదు.

“చూడు బాబూ, మా స్కానరు పెడితే రెండు కుయ్యిమంటాయి. నా కోడలు ఫోన్లో పెడితే మూడింటికీ నెంబరు వస్తది. ఆళ్ళ కౌంటర్లోకెళ్తే మాత్రం పలకదంట. ఇదేం చోద్యం?”

“ఆయ్, చూద్దామండి అమ్మగారూ.”

మొదటి సీసా ఎత్తాడు. లేబుల్ ముచ్చటగా ఉంది. పసుపు నేల మీద మామిడాకులు, ఎర్రటి అక్షరాలు, వాటికి జోడుగా బార్‌కోడ్ కూడా ఎరుపే. రంగులన్నీ కలిసిపోవాలని డిజైనర్ సరదాపడ్డాడు. కుర్రాడు లేచి ట్యూబులైటు ఆపేశాడు. కిటికీ తెర లాగాడు. బ్యాగులోంచి చిన్న ఎర్ర ఎల్‌ఈడీ లైటు తీసి లేబుల్ మీద వేశాడు.

ఇప్పుడు మీరూ వంగి చూడండి. మూలన నల్లగా అచ్చేసిన తయారీ తేదీ అలాగే ఉంది. బార్‌కోడ్ ఉండాల్సిన చోట మాత్రం ఏమీ లేదు. గీతలూ లేవు, వాటి మధ్య ఖాళీలూ లేవు. చోటంతా ఒకే ఎరుపు.

“ఓరినీ!” అన్నారావిడ.

చాలా దుకాణాల్లోని స్కానర్లు లేబుల్‌ని చూసేది ఎర్ర కాంతిలోనే, సుమారు 650 నానోమీటర్ల దగ్గర. తెల్ల కాగితం ఆ కాంతిని వెనక్కి కొడుతుంది. పసుపు నేల కూడా కొడుతుంది. ఎర్ర సిరా సైతం కొడుతుంది. ముగ్గురూ ఒకే మాట చెప్తే అందులో గీత ఎవరో, ఖాళీ ఎవరో స్కానరుకు ఎలా తెలుస్తుంది? ఫోన్ కెమెరా అన్ని రంగుల్లోనూ చూస్తుంది కాబట్టి అక్కడ పలికింది. నలుపు, ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ ఎర్ర కాంతిని మింగేస్తాయి, గీతలకు అవే పనికొస్తాయి. ఎరుపూ పసుపూ నేలగానే ఉండిపోవాలి. ఆవకాయకు ఎరుపు వద్దనడం ఎవరికైనా కష్టమే. అయినా ఆ ఎరుపు సీసా లోపల ఎలాగూ ఉంది.

లైటు వేశాక రెండో సీసా చేతిలోకి వచ్చింది. దీని గీతలు నల్లగా, నిక్కచ్చిగా, ప్రెస్సులో వేసినవి. స్కానరు పెట్టగానే ఠక్కున పలికింది. కుర్రాడు కింద అంకెలు చదివి నవ్వు ఆపుకోలేకపోయాడు. మీరూ చదవండి: 8901234567890. మూడంకెల తర్వాత ఒకటి నుంచి సున్నా దాకా వరసగా ఉన్నాయి.

“అమ్మగారూ, ఇది ఉత్తుత్తి నెంబరండి. డిజైన్ చేసేటప్పుడు చోటు చూసుకోడానికి పెట్టుకుంటారు. తీసి అసలుది పెట్టడం మర్చిపోయారు.”

“మరి పలికిందిగా?”

ఆ ప్రశ్నలోనే అసలు చిక్కంతా ఉంది. బార్‌కోడ్‌లో చివరి అంకె కాపలా అంకె. ఎడమ నుంచి మొదటి అంకెను ఒకటితో, రెండో దాన్ని మూడుతో, ఇలా మార్చి మార్చి గుణించి కూడితే, మొత్తాన్ని పై పదికి చేర్చడానికి ఎంత కావాలో అదే ఆ అంకె. కుర్రాడు అట్టముక్క మీద లెక్క వేశాడు. 8, 0, 2, 4, 6, 8 కూడితే 28. 9, 1, 3, 5, 7, 9 కూడితే 34, దాన్ని మూడుతో గుణిస్తే 102. రెండూ కలిపి 130. పదికి చేరే ఉంది కాబట్టి కాపలా అంకె సున్నా. వరసగా రాసుకుంటూ పోతే సున్నాయే వచ్చి పడింది. కాపలా అంకె పట్టేది చదవడంలో వచ్చే తప్పుల్ని మాత్రమే. ఈ నెంబరు ఎవరిది అన్న సంగతితో దానికి పని లేదు. కౌంటర్లో స్కాన్ చేస్తే తెర మీద ఇంకేదో అగరుబత్తి పేరు వచ్చిందట, బిల్లింగ్ అమ్మాయి సీసా పక్కన పెట్టేసింది.

నెంబరు ఎక్కడినుంచి తెచ్చుకోవాలన్నది పెద్ద కథ కాదు. మన దేశంలో ఆ పని జీఎస్1 ఇండియాది, ఢిల్లీలో ఉంటుంది. అక్కడ నమోదైన కంపెనీల నెంబర్లు 890తో మొదలవుతాయి. 890 కనిపిస్తే సరుకు ఇండియాలో తయారైందని చాలామంది అనుకుంటారు. అది చెప్పేది నెంబరు ఎవరి ద్వారా వచ్చిందో అంతే. పది అంకెలు కంపెనీకి కేటాయిస్తే, కాపలా అంకె పోగా మిగిలేవి రెండు. అంటే 00 నుంచి 99 దాకా వంద సరుకులకు సరిపోతుంది. ఎన్ని రకాల పచ్చళ్ళు పెట్టినా వంద దాటడానికి ఈవిడకు కొన్నేళ్ళు పడుతుంది.

ఆ నమోదు నిరుడే అయింది. మూడో సీసా మీద ఉన్నది సొంత నెంబరే, రంగు నలుపే, అచ్చు ఈ గదిలోని ప్రింటర్ మీదే. అయినా వెనక్కి వచ్చింది. ఒక కౌంటర్లో పలుకుతుందట, పక్క కౌంటర్లో పలకదట. ఒక సీసా పలుకుతుందట, దాని తోడుది పలకదట. పూర్తిగా చెడిపోయినదాన్ని కనిపెట్టడం తేలిక. అప్పుడప్పుడు పనిచేసేదే ప్రాణం తీస్తుంది.

కుర్రాడు బ్యాగు ఇప్పుడు దించాడు. భూతద్దం తీసి మీ చేతికిచ్చాడు. గీతల మీద పెట్టి చూడండి. పైకి సూటిగా కనిపించిన వరసలో సన్న గీతలన్నీ ఒక్క తీరుగా లేవు. కొన్ని బక్కగా, కొన్ని కాస్త లావుగా ఉన్నాయి. అన్నీ ఒకే మందం ఉండాల్సినవి.

బార్‌కోడ్ అంటే నల్ల గీతలని అనుకుంటాం. నిజానికి అదొక గళ్ళ పట్టీ, మొత్తం 95 గళ్ళు. అటు చివర మూడు, ఇటు చివర మూడు, నడుమ అయిదు హద్దు గళ్ళు. మిగిలిన 84 గళ్ళు పన్నెండు అంకెలకు తలా ఏడు. ఒక్కో గడి అయితే నలుపు, లేకపోతే తెలుపు. అంకెలు పదమూడు కదా, పన్నెండింటికే చోటుంటే మొదటి 8 ఎక్కడికి పోయింది? ఎడమ సగంలో ప్రతి అంకెనూ రెండు తీరుల్లో గీయొచ్చు. ఆరు అంకెల్లో ఏవి ఏ తీరులో గీశారన్న వరసలోనే ఆ 8 దాక్కుని ఉంటుంది. అందుకే అది గీతల కింద కాకుండా ఎడమ పక్కన విడిగా నిలబడుతుంది. మొదట అమెరికాలో పన్నెండంకెల కోడే ఉండేది. తర్వాత యూరప్ వాళ్ళకు ఇంకో అంకె కావాల్సివచ్చి, పట్టీని ఒక్క గడి కూడా పెంచకుండా ఇలా ఇరికించారు. ఇంత పొందికైన పని చూసి నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

పట్టీకి ఎడమ పక్క 11 గళ్ళంత, కుడి పక్క 7 గళ్ళంత వట్టి తెలుపు వదలాలి. పట్టీ ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో స్కానరుకు తెలిసేది ఆ తెలుపు వల్లే. మూడో లేబుల్ మీద కుడి పక్క తెలుపులోకి ఒక మామిడాకు కొస తొంగి చూస్తోంది. అది ఒక తప్పు. పెద్ద తప్పు ఇంకోటుంది.

“ఈ బొమ్మ ఎవరు చేశారండి?”

“మా కోడలు. నెట్లో చేసి, లేబుల్లో పట్టేట్టు కొంచెం చిన్నది చేసింది.”

“అక్కడే వచ్చిందండి.”

ఇప్పుడు లెక్క జాగ్రత్తగా వినండి, ఇళ్ళల్లో, చిన్న షెడ్డుల్లో అచ్చయ్యే బార్‌కోడ్లు చాలా మటుకు ఇక్కడే చెడతాయి. గడి మామూలు వెడల్పు 0.33 మిల్లీమీటరు. ఎనభై శాతం దాకా, అంటే 0.264 దాకా కుదించొచ్చు, రెండింతల దాకా పెంచొచ్చు. కోడలు చేసిన బొమ్మ 34 మిల్లీమీటర్లు. పక్క తెలుపులతో కలిపి 113 గళ్ళు కాబట్టి, గడికి 0.3 మిల్లీమీటరు పడింది. కాగితం మీద చూస్తే నిబంధనకు లోబడే ఉంది. కానీ ఈ ప్రింటర్ హెడ్డులో అంగుళానికి 203 చుక్కలు, అంటే మిల్లీమీటరుకు ఎనిమిది. 0.3 మిల్లీమీటరంటే 2.4 చుక్కలు. చుక్కలో కొంత ముక్క కొట్టడం ఏ ప్రింటరుకూ చేతకాదు. అందుకని ఒక గడికి రెండు చుక్కలు, పక్క గడికి మూడు, తోచినట్టు సర్దేసింది. ఒక గడి గీత ఉబ్బి మూడు చుక్కలైంది. రెండు గళ్ళ గీత నలిగి నాలుగైంది. ఈ రెంటికీ మధ్య తేడా ఇప్పుడు ఒకే ఒక్క చుక్క. ఆ చుక్కను మంచి స్కానరు పట్టుకుంటుంది, పాతది పట్టుకోలేదు. పక్క కౌంటర్ రహస్యం ఇదే.

“ప్రింటరుకి బొమ్మ పంపకండమ్మా. నెంబరు పంపండి. గడికి మూడు చుక్కలని చెప్పండి. గీతలు అదే గీసుకుంటది.”

గడికి మూడు చుక్కలంటే 0.375 మిల్లీమీటరు, మొత్తం పట్టీ 42 మిల్లీమీటర్ల పైచిలుకు. లేబుల్ వెడల్పు 50. మామిడాకు పైకి జరిగింది. అంగుళానికి 300 చుక్కల హెడ్డు ఉంటే గడికి నాలుగు చుక్కలు పెట్టుకోవచ్చు, 0.339 వస్తుంది, అసలు కొలతకు దాదాపు అంటుకుని ఉంటుంది. కొత్త ప్రింటర్ అనగానే ఆవిడ ముఖం మారింది కాబట్టి కుర్రాడు ఆ మాట పొడిగించలేదు.

ముందుగా నల్ల పట్టీ ఒకటి అచ్చేశాడు, పరీక్షకు. నలుపు మధ్యలో పొడవునా వెంట్రుకంత తెల్ల గీత. హెడ్డులో చుక్క కాలిపోయిందా, మురికి పట్టిందా? మూత తెరిచి, దూది మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి, హెడ్డు అంచంతా తుడిచాడు. దూది ఎర్రబడింది. ఏసీ గదిలోకీ కారం వచ్చిందన్నమాట. మళ్ళీ అచ్చేస్తే తెల్ల గీత పోయింది. అది పోకుండా ఉంటే, కాగితం నడిచే దిక్కునే సాగే ఆ తెల్ల గీత సరిగ్గా ఒక సన్న గీత మీద పడితే, రోల్ మొత్తంలో ఏ సీసా మీదా ఆ గీత సరిగ్గా పడదు.

గీతలు కాగితం నడిచే దిక్కున ఉండాలా, అడ్డంగా ఉండాలా అన్నది అచ్చువాళ్ళ పాత తగువు. బార్‌కోడ్ పుట్టుకే ఆ తగువులో ఉంది. 1940ల చివర జోసెఫ్ వుడ్‌లాండ్ మయామీ బీచ్ ఇసుకలో వేళ్ళతో గీతలు లాగి ఊహించి, బెర్నార్డ్ సిల్వర్‌తో కలిసి 1952లో పేటెంటు పొందినప్పుడు, అందులో ప్రధానమైన రూపం గుండ్రటి వలయాలది. 1972లో ఆర్‌సీఏ కంపెనీ సిన్సినాటీలో ఒక క్రోగర్ దుకాణంలో ఆ వలయాల కోడునే పెట్టి చూసింది. ఏ వైపు నుంచి చూసినా చదవొచ్చు, చూడ్డానికీ బాగుంది. కానీ అచ్చుయంత్రం నడిచే దిక్కున సిరా కొంచెం సాగితే వలయాల మధ్య తెలుపు పూడుకుపోయేది. ఐబీఎంలో జార్జ్ లారర్ నిలువు గీతలు ఎంచుకున్నాడు. యంత్రం నడిచే దిక్కునే గీతలుంటే, సాగిన సిరా గీతను పొడుగు చేస్తుంది కానీ లావు చేయదు. 1973లో సరుకుల పరిశ్రమ దాన్నే ఒప్పుకుంది. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రం ట్రాయ్ పట్టణంలో, మార్ష్ సూపర్‌మార్కెట్లో రిగ్లీ చూయింగ్ గమ్ ప్యాకెట్ మీద తొలి బీప్ వినిపించింది. తెలివైన బొమ్మ ఓడిపోయి, అచ్చుకు లొంగిన బొమ్మ గెలిచింది.

ఈ ప్రింటర్లో సిరా లేదు. రిబ్బను మీది మైనం వేడికి కరిగి కాగితానికి అంటుతుంది. అక్కడా సాగుడు ఉంది. వేడి ఎక్కువ పెడితే గీతలు చిక్కగా, నిగనిగలాడుతూ వస్తాయి, కంటికి అదే బాగుంటుంది. ఆవిడ అదే పెట్టుకున్నారు. కుర్రాడు వేడి తగ్గించాడు, వేగం కూడా తగ్గించాడు. నలుపు కాస్త పలచబడింది, గీతల మధ్య తెలుపు విచ్చుకుంది.

బ్యాగులోంచి చివరగా వచ్చింది వెరిఫయర్. స్కానరులాగే ఉంటుంది, పని వేరు. స్కానరు అవుననో కాదనో చెప్తుంది. ఇది మార్కులు వేస్తుంది. ఐఎస్ఓ 15416 ప్రకారం గీతల ఎత్తు పొడవునా పది చోట్ల అడ్డంగా చదివి, నలుపు తెలుపుల మధ్య తేడా ఎంత, అంచులు ఎంత పదును, గీతల్లో మచ్చలున్నాయా, గళ్ళు కొలతకు ఎంత దగ్గరున్నాయి అని చూసి, ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడు ఇస్తుంది. దుకాణానికి వెళ్ళే సరుకుకు కనీసం సీ ఉండాలి. నిరుటి సీసా మీద పెడితే డీ. ఈ గదిలో ఎన్నిసార్లు స్కాన్ చేసినా పలికిన సీసా అది! ఇప్పుడు తీసిన లేబుల్‌కు బీ వచ్చింది.

మీరు ఊపిరి పీల్చుకునేలోపు ఆవిడ పక్కనున్న గిన్నెలో బొటనవేలు ముంచారు. నువ్వులనూనె. సీసాకు అంటించిన లేబుల్ మీద గట్టిగా ఒక రాపు రాపారు. మైనం గీతలు పొగలా సాగాయి. తెల్ల కాగితం నూనె తాగి మసకబారి, వెనకున్న సీసా ఎరుపు లీలగా కనబడింది.

“నా సరుక్కి నూనె అంటకుండా ఉంటదా అబ్బాయ్? లారీలో ఒక మూత వదులైందంటే పెట్టె పెట్టంతా ఇదే.”

నా ఉద్దేశంలో ఆ మధ్యాహ్నం జరిగిన అసలు పరీక్ష ఇదే. వెరిఫయర్ చేతిలో ఉన్నవాడు అచ్చు గురించి ఆలోచించాడు, ఆవిడ లారీ గురించి ఆలోచించారు. కుర్రాడు మాట్లాడకుండా ఇంకో రోల్ తీశాడు. ఇది కాగితం కాదు, పాలీప్రొపిలీన్ ఫిల్ము. రిబ్బను కూడా మార్చాడు, మైనం తీసి రెజిన్‌ది ఎక్కించాడు. రెజిన్ కరగడానికి వేడి ఎక్కువ కావాలి, మళ్ళీ సర్దాడు. లేబుల్ బయటికి వచ్చింది. ఆవిడ నూనె వేలితో అడ్డంగా, నిలువుగా, గోరుతో కూడా గీకారు. గుడ్డతో తుడిస్తే గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి. వెరిఫయర్ బీ అంది.

“ఖరీదెక్కువా?”

“ఎక్కువేనండి. వెనక్కొచ్చిన లారీ కిరాయి కన్నా తక్కువేనండి.”

ఆవిడ ఓ క్షణం కుర్రాడి ముఖం చూసి తలూపారు. తర్వాత ప్రశ్నలు గబగబా వచ్చాయి. ధర మారితే గీతలు మార్చాలా? అక్కర్లేదు, ధర ఇందులో ఉండదు, దుకాణం కంప్యూటర్లో ఉంటుంది, ఇది వట్టి నెంబరే. పావుకిలోకీ అరకిలోకీ ఒకటే వేస్తున్నాం, పర్లేదా? పర్లేదంటే కొంప మునుగుతుంది, అరకిలో సీసా పావుకిలో ధరకు పోతుంది, బరువు మారితే నెంబరు మారాలి. బెల్లం ఆవకాయకు వేరే, మాగాయకు వేరే. పన్నెండు సీసాల అట్టపెట్టెకు ఇంకో నెంబరు, లేకపోతే గోడౌన్ లెక్కలో పెట్టె ఒక సీసాగా ఎక్కుతుంది. వంద గ్రాముల బుల్లి సీసా మరీ గుండ్రం కదా? దానికి బార్‌కోడ్‌ని పక్కకు తిప్పి, నిచ్చెన మెట్లలా అంటించాలి, అప్పుడు గీతల చివర్లు వంగినా వరస వంగదు. ఆవిడ కోడలు గుమ్మంలో నిలబడి అన్నీ ఫోన్లో రాసుకుంటోంది.

కుర్రాడు పాత కాగితం రోల్ తీసి చెత్తబుట్ట వైపు చూశాడు.

“అది పారెయ్యకు బాబూ. కందిపొడి ప్యాకెట్లున్నాయిగా, వాటికి నూనె గొడవ లేదు.”

“పనికొస్తదండి అమ్మగారూ. సీలు వేసే మడత మీద మాత్రం అంటించనివ్వకండి. ప్యాకెట్టు వెనక చదునుగా ఉన్న చోట వెయ్యమనండి.”

కోడలు అది కూడా రాసుకుంది.